మన డెల్టాలో కారు: ఏడాది ఖర్చు లెక్క వేసి ఎంచుకోవడం

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు అమలాపురం నుంచి వచ్చి నాలుగు కంపెనీల కాగితాలు అరుగు మీద పరిచాడు. "మావయ్యా, పెట్రోల్ తీసుకోనా, సీఎన్‌జీ తీసుకోనా? కరెంటు కారైతే అసలు ఖర్చే ఉండదంటున్నారు" అన్నాడు. "ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావురా?" అని అడిగాను. వాడి దగ్గర సమాధానం లేదు. ధరలు, మైలేజీలు, ఈఎంఐలు అన్నీ నోటికి వచ్చు, ఆ ఒక్క అంకె మాత్రం తెలీదు.

ఆ అంకె లేకుండా కారు కొనడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. పెట్రోలా, గ్యాసా, కరెంటా అన్నది తర్వాతి ప్రశ్న. మన గోదావరి జిల్లాల్లో చాలా కుటుంబాలకు కారు మీద అయ్యే ఖర్చులో ఇంధనం పావు వంతే. మిగతా మూడు వంతులు ఇంట్లో నిలబెట్టినా అయ్యేవి. నేను పన్నెండేళ్ళుగా కారు ఖర్చు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

ముందు కిలోమీటర్లు

వాణ్ణి కూర్చోబెట్టి రాయించాను. నెలకు రెండుసార్లు రాజమండ్రి. డాక్టరు, సరుకులు, రైలెక్కించడం, దించడం. అమలాపురం నుంచి అరవై చిల్లర కిలోమీటర్లు కాబట్టి ఏడాదికి మూడు వేలు. ఊళ్ళోను, అంబాజీపేట, ముమ్మిడివరం, రావులపాలెం వైపు తిరిగేది రెండున్నర వేలు. హైదరాబాద్ ఏడాదికి ఒకసారి, రానుపోను వెయ్యి లోపు. పెళ్ళిళ్ళు, అన్నవరం, ద్వారకా తిరుమల కలిపి ఇంకో వెయ్యి. మొత్తం ఏడున్నర వేలు. "ఇంతేనా మావయ్యా?" అని మళ్ళీ కూడుకున్నాడు. అంతే వచ్చింది.

మన డెల్టాలో ఊళ్ళు దగ్గర దగ్గర. కాలువ వంతెన దాటితే ఇంకో ఊరు. ఉద్యోగం ఊళ్ళోనే ఉన్న కుటుంబం ఏడాదికి ఆరు నుంచి తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. భీమవరం నుంచి తణుకు రోజూ వెళ్ళొచ్చే లెక్చరరు, నాలుగు మండలాల్లో చెరువులున్న రొయ్యల రైతు, మందుల కంపెనీ ఉద్యోగి వేరే. వాళ్ళు పదిహేను, ఇరవై వేలు సులువుగా దాటతారు. మీ ఇంట్లో ఇప్పటికే కారుంటే రెండు సర్వీసు బిల్లులు తీయండి. ప్రతి బిల్లు మీద తేదీ, రీడింగు ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మీ అసలు అంకె వచ్చేస్తుంది.

కొత్త పెట్రోల్ కారు అసలు లెక్క

ఇక్కడ వేసిన అంకెలు మా చుట్టుపక్కల చూసిన ధరల్ని గుండ్రంగా చేసినవి. మీ కోటేషన్‌లో ఉన్నవి పెట్టి మళ్ళీ వేసుకోండి. పద్ధతి ముఖ్యం.

రోడ్డు మీదకు వచ్చేసరికి 8 లక్షలైన చిన్న పెట్రోల్ కారు అనుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గాక ఈ ధరలో మంచి బళ్ళే దొరుకుతున్నాయి. లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఒకేసారి కట్టేవి, ఆ 8 లక్షల్లోనే ఉన్నాయి. ఐదేళ్ళకు అమ్మితే 4 లక్షలు వస్తుందనుకోండి. పోయిన 4 లక్షల్ని ఐదు ముక్కలు చేస్తే ఏడాదికి 80,000, ఇదే తరుగు. దీన్ని ఎవరూ చేత్తో కట్టరు, ఏ బిల్లులోనూ కనబడదు. అందుకే ఎవరూ లెక్కలో వేయరు. కానీ అన్నిటికంటే పెద్ద ఖర్చు ఇదే.

రెండోది డబ్బుకి వడ్డీ. సొంత డబ్బు పెట్టినా అది బ్యాంకులో ఉంటే ఏడు శాతం తెచ్చేది. బండి విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి సగటున 6 లక్షల మీద వేసుకుంటే ఏడాదికి 42,000. అప్పు తీసుకుంటే ఇంకా సూటిగా కనబడుతుంది. ఆరున్నర లక్షలు తొమ్మిదిన్నర శాతానికి ఐదేళ్ళకైతే నెలకు 13,650 చొప్పున మొత్తం వడ్డీ 1,69,000. అదే ఏడేళ్ళకు సాగదీస్తే నెలసరి మూడు వేలు తగ్గుతుంది గానీ వడ్డీ 2,42,000 అవుతుంది. షోరూంలో నెలసరి ఎంత తగ్గుతుందో చెప్తారు. మొత్తం వడ్డీ ఎంతో మీరే అడగాలి.

తర్వాత ఇన్సూరెన్స్ సగటున 18,000, సర్వీసింగ్ 8,000. టైర్లు, బ్యాటరీ ఏళ్ళ మీద పంచుకుని, కడిగించడం, ఏటా తీసుకునే పొల్యూషన్ సర్టిఫికెట్ కలిపితే 9,000. ఇప్పటిదాకా 1,57,000. బండి ఇంకా షెడ్డులోనే ఉంది.

ఇప్పుడు పెట్రోల్. వాడి ఏడున్నర వేలను గుండ్రంగా ఎనిమిది వేల కిలోమీటర్లు అనుకుని, మన రోడ్ల మీద లీటరుకు 16 చొప్పున 500 లీటర్లు, లీటరు 110 అనుకుంటే 55,000. కాగితం మీద 22 అని రాసి ఉంటుంది. కాలువ గట్టు మీద ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే పక్కకు తీసి ఆగే రోడ్లలో, ఏసీ వేసుకుని, ఇప్పుడొస్తున్న ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో నాకు 16 దాటడం లేదు. మొత్తం 2,12,000. కిలోమీటరుకు ఇరవై ఆరున్నర. ఎనిమిది వేలు తిరిగేవాళ్ళు మైలేజీ రెండు ఎక్కువిస్తుందని లక్ష రూపాయలు ఖరీదైన బండి కొంటే ఆ మైలేజీ వల్ల మిగిలేది ఏడాదికి ఆరు వేలు. ఆ లక్ష మీద వడ్డీ, తరుగు కలిపితే అంతకు రెండింతలు పోతుంది.

కిరాయి కారు సంగతి

చాలామంది ఈ దారి ఆలోచించనే ఆలోచించరు. కొనడం పరువుగాను, కిరాయి బండి లోటుగాను చూస్తారు. మన ఊళ్ళలో కిరాయి కారు కిలోమీటరుకు 14 అనుకుని, డ్రైవర్ బత్తా, వెయిటింగు కలిపితే 16 పడుతుంది. ఎనిమిది వేల కిలోమీటర్లకు 1,28,000. కొత్త కారుకంటే 84,000 తక్కువ, పైగా ఇన్సూరెన్స్ తేదీల టెన్షన్ లేదు. కొత్త కారు కిరాయితో సమానం కావాలంటే ఏడాదికి పదిహేడు వేల కిలోమీటర్లు తిరగాలి.

అయితే కిరాయి బండి పెళ్ళిళ్ళ సీజన్లో దొరకదు. కార్తీక సోమవారం దొరకదు. రాత్రి రెండింటికి అమ్మకు ఆయాసం వస్తే డ్రైవరు ఫోను ఎత్తకపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళో, నెలలు నిండిన అమ్మాయో ఉంటే ఏడాదికి నాలుగు వేలు తిరిగినా సొంత బండి ఉంచుకోమనే చెప్తాను. దాని విలువ రూపాయల్లో కట్టలేం. కానీ అది కొత్తదే కానక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్: నేను మొగ్గేది ఇటే

ఐదేళ్ళ వయసున్న అదే చిన్న పెట్రోల్ కారు 4 లక్షలకు కొని, ఐదేళ్ళు వాడి 2 లక్షలకు అమ్మితే తరుగు ఏడాదికి 40,000. వడ్డీ 21,000. ఇన్సూరెన్స్ 10,000. సర్వీసు, రిపేర్లకు కొత్తదానికంటే రెండింతలు పైనే, 18,000 వేశాను. టైర్లు వగైరా 9,000. మొత్తం 98,000. లీటరుకు 15 చొప్పున పెట్రోల్ 58,700. కలిపి 1,57,000 లోపే. కొత్తదానికంటే ఏటా 55,000 మిగులు. కిరాయితో పోలిస్తే ఎక్కువే గానీ, సొంత బండి సౌకర్యానికి ఏడాదికి ముప్పై వేలు చాలామంది ఇష్టంగానే పెడతారు. పదకొండు వేల కిలోమీటర్లు దాటితే కిరాయికంటే ఇదే చవక.

ఇంత మాట చెప్పాక జాగ్రత్త కూడా చెప్పాలి. మా బావగారు రెండేళ్ళ క్రితం పట్నంలో ఒక దుకాణంలో కారు తీసుకున్నారు. తళతళా మెరుస్తోంది, లోపల సెంటు వాసన. ధర లక్ష తక్కువని ఆశపడ్డారు. మూడో నెలలో అద్దాల స్విచ్‌లు పనిచేయడం మానేశాయి, ఐదో నెలలో ఏసీ, ఆ తర్వాత ఇంజన్ లైటు వెలిగి ఆరలేదు. మా ఊరి మెకానిక్ సీటు పట్టాలు విప్పి చూపిస్తే లోపల ఎండిన బురద. వరదలో మునిగిన బండి. లక్షన్నర పోసి, చివరికి సగం ధరకు అమ్ముకున్నారు. అక్క బంగారం కుదువ పెట్టి ఇచ్చిన డబ్బు అది. ఆ బాధ ఇంకా నాకు మరుపు రాలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్ని బళ్ళు మునిగాయో అందరం చూశాం. వాటిలో కొన్ని కడిగించుకుని మళ్ళీ అమ్మకానికి వస్తాయి. పాత రోజుల్లో ఏపీ 05 అంటే తూర్పు గోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి అని నంబరు చూసి చెప్పేవాళ్ళం. రాష్ట్రమంతా ఒకే ఏపీ 39 సిరీస్ వచ్చాక బండి ఎక్కడ తిరిగిందో నంబరు చెప్పదు. కాబట్టి సీటు బెల్టు చివరిదాకా లాగి మడ్డి గీత ఉందేమో చూడండి. సీటు కింద బోల్టులకు తుప్పు, స్టెపినీ గుంటలో బురద, హెడ్‌లైట్ లోపల తేమ చూడండి. కింద చాపలు ఎత్తి చెయ్యి పెట్టండి. మెకానిక్‌కు వెయ్యి రూపాయలిచ్చి లిఫ్టు మీద ఎక్కించి చూపించుకోండి. ఇన్సూరెన్స్ క్లెయిముల వివరాలు, కంపెనీ సర్వీసు రికార్డు అడగండి. ఇవ్వనంటే ఆ బండి వద్దు, ఎంత చవకైనా.

పుదుచ్చేరి కింద ఉన్న యానాం బండి, అంటే పీవై 04 నంబరు, తక్కువకు వస్తుందని కొందరు తీసుకుంటారు. వేరే ప్రాంతం బండిని మన రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరుకు మార్చుకోవాలి, అభ్యంతరం లేదన్న కాగితం అంటే ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడి లైఫ్ టాక్స్ కట్టాలి. ఆ టాక్స్ కలుపుకుని చూస్తే తక్కువ ధర తక్కువ కాకపోవచ్చు. హైదరాబాద్ బండికీ ఇదే మాట.

పేరు మార్పు విషయంలో బంధువు కదా అని కూడా వాయిదా వేయవద్దు. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని కొన్న పద్నాలుగు రోజుల్లో కంపెనీకి రాయాలి. ఈలోగా బండికి దెబ్బ తగిలితే డబ్బు రావడం కష్టమవుతుంది.

సీఎన్‌జీ

పెట్రోల్ కారుకంటే సుమారు 95,000 ఎక్కువ. అందులో సగం అమ్మేటప్పుడు తిరిగొస్తుందనుకుంటే తరుగు, వడ్డీ, మూడేళ్ళకోసారి సిలిండర్ పరీక్ష కలిపి ఏడాదికి 15,000 అదనం. కిలో 95 అనుకుని, కిలోకు 25 కిలోమీటర్లు వేస్తే కిలోమీటరుకు 3 రూపాయల 80 పైసలు. పెట్రోల్‌కు 6.90. కిలోమీటరుకు మూడు రూపాయలు మిగులుతుంది. ఐదు వేల కిలోమీటర్లకే సమానం. ఎనిమిది వేలకు మిగిలేది పది వేలు, పదిహేను వేలకు ముప్పై వేల పైన.

లెక్కలో సీఎన్‌జీ గెలుస్తుంది, ఒప్పుకుంటాను. అయినా ఎనిమిది వేలు తిరిగేవాళ్ళకు నేను గట్టిగా చెప్పను. కారణం డిక్కీ. మనం ఊరి నుంచి పిల్లల దగ్గరకు వెళ్తే కొబ్బరికాయలు, బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, పూతరేకుల డబ్బాలు లేకుండా వెళ్తామా? మామూలు సీఎన్‌జీ బండిలో సిలిండర్ పెట్టాక చేతి సంచీలు తప్ప పట్టవు. టాటా 2023 నుంచి, తర్వాత హ్యుందాయ్ కూడా, రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున అమర్చి ఇస్తున్నాయి. సీఎన్‌జీ తీసుకుంటే అలాంటిదే తీసుకోండి. ఇంకోటి, మీ రోజువారీ దారిలో బంకు ఉండాలి. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు మన కాళ్ళ కిందే ఉన్నా బంకులు అన్ని ఊళ్ళలో లేవు. గ్యాసు కోసం పదిహేను కిలోమీటర్లు పక్కకు వెళ్ళి, ఆటోల వెనక అరగంట నిలబడితే ఆ మిగులు మిగులు కాదు. బయట కిట్ వేయిస్తే ఆర్‌సీలోను, ఇన్సూరెన్స్‌లోను ఎక్కించుకోవడం తప్పనిసరి.

రోజూ యాభై కిలోమీటర్లు పైన తిరుగుతూ, దారిలోనే బంకు ఉన్నవాళ్ళకు మాత్రం రెండో ఆలోచన అక్కర్లేదు. సీఎన్‌జీ తీసుకోండి.

కరెంటు కారు

"ఖర్చే ఉండదు" అన్న మాట సగమే నిజం. తిరిగే ఖర్చు నిజంగా తక్కువ. మన రాష్ట్రంలో ఇంటి కరెంటు నాలుగొందల యూనిట్లు దాటితే యూనిట్ 9.75. కారు ఛార్జింగ్ కలిసేసరికి చాలా ఇళ్ళు పై శ్లాబుల్లోకి పోతాయి కాబట్టి పది రూపాయలు వేయడమే న్యాయం. గోడ సాకెట్ దగ్గర లెక్కపెడితే యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు 1.65. పెట్రోల్ కంటే ఐదుంపావు తక్కువ.

కానీ బండి ధర 11 లక్షలు అనుకుని, ఐదేళ్ళకు నాలుగున్నర లక్షలకు అమ్ముడుపోతుందనుకుంటే తరుగు 1,30,000, వడ్డీ 54,000, ఇన్సూరెన్స్ 24,000, సర్వీసు 4,000, టైర్లు వగైరా 9,000. తిరగకముందే 2,21,000. పెట్రోల్ బండి కంటే 64,000 ఎక్కువ. ఈ తేడా పూడాలంటే పన్నెండు వేల పైన తిరగాలి. సీఎన్‌జీని దాటాలంటే ఇరవై మూడు వేల దాకా పోవాలి. పాత కరెంటు బండికి మన ఊళ్ళలో ఎంత ధర పలుకుతుందో ఇంకా కుదురుకోలేదు కాబట్టి తరుగు కొంచెం ఎక్కువే వేశాను. ఐదేళ్ళకు కాకుండా పదేళ్ళు ఉంచుకునేవాళ్ళకు లెక్క కరెంటు వైపు తిరుగుతుంది. బ్యాటరీకి చాలా కంపెనీలు ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు వారంటీ ఇస్తున్నాయి.

డబ్బు పక్కన పెడితే రోజూ ఒకే దారిలో తిరిగేవాళ్ళకు ఇది హాయైన బండి. సొంత ఇల్లు, నీడ, మంచి ఎర్తింగ్ ఉన్న 15 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. డాబా మీద సోలార్ ఉంటే ఇంకా మేలు, పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ వస్తుంది. అద్దె ఇంట్లో, పై వాటాలో ఉండేవాళ్ళు మాత్రం ఆగండి. తుపాను సంగతి కూడా మనం మరవకూడదు. 2025 అక్టోబరులో మొంథా మన తీరాన్నే దాటింది. 1996 నవంబరు 6 రాత్రి తర్వాత కోనసీమ ఎన్నాళ్ళు చీకట్లో ఉందో మా తరం చూసింది. తుపాను హెచ్చరిక రాగానే నిండుగా ఛార్జింగ్ పెట్టడం అలవాటు చేసుకోవాలి. ఇంట్లో ఒకే బండి ఉంటే, అది కరెంటుదే అయితే, ఈ ఒక్క విషయం నన్ను వెనక్కి లాగుతుంది. రెండో బండిగా అయితే సంతోషంగా కొనుక్కోవచ్చు.

డీజిల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పెద్ద బళ్ళలో పెట్రోల్‌కు, డీజిల్‌కు ధర తేడా లక్షన్నర అనుకుంటే పదకొండు వేల కిలోమీటర్ల దగ్గర సమానమవుతుంది. కానీ ఆ కిలోమీటర్లు ఎలాంటివన్నది చూడాలి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 డీజిల్ బళ్ళలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే హైవే మీద కాసేపు వేగంగా, వేడిగా పోవాలి. రోజూ ఇంటి నుంచి చెరువుకి నాలుగు కిలోమీటర్లు, మళ్ళీ వెనక్కి అన్నట్టు తిరిగితే మసి పేరుకుని లైటు వెలుగుతుంది, బాగుచేయించడం ఖరీదు. వారానికొకసారైనా విశాఖో, విజయవాడో వెళ్ళేవాళ్ళకే డీజిల్.

యానాం పెట్రోల్, టోల్ పాస్

యానాంలో పెట్రోల్ మనకంటే లీటరుకు పది రూపాయల పైనే తక్కువ. అమలాపురం నుంచి అందుకోసమే వెళ్ళేవాళ్ళున్నారు. 33 లీటర్లు పోయించుకుంటే 360 మిగులుతుంది. రానుపోను అరవై కిలోమీటర్లకు నాలుగు లీటర్ల దాకా కాలుతుంది, అంటే అదే 360. కాకినాడ వెళ్తూ యానాం ఎదుర్లంక వంతెన మీదుగా పోయేటప్పుడు పోయించుకుంటే మంచి మిగులే. పనిగట్టుకుని వెళ్ళవద్దు.

2025 ఆగస్టు 15న వచ్చినప్పుడు ఫాస్టాగ్ ఏడాది పాస్ 3,000. జాతీయ రహదారుల టోల్ గేట్లలో రెండొందలసార్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మీరు కట్టే టోల్ సగటున వంద అనుకుంటే ముప్పైసార్లు దాటితే డబ్బు వచ్చేసినట్టే. ఈతకోట గేటు నెలకు మూడునాలుగుసార్లు దాటేవాళ్ళు తీసుకోవాలి. ఏడాదికోసారి హైదరాబాద్ వెళ్ళేవాళ్ళకు అక్కర్లేదు.

డెల్టాలో బండి నిలబెట్టే చోటుకీ ఖరీదుంది

ఏ కారైనా సరే, ఈ ఖర్చులు షోరూంలో చెప్పరు. మొదటిది నీళ్ళు. 1986 వరద, 2022 జూలై వరద చూసిన లంక ఊళ్ళవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. నీళ్ళు వస్తున్నాయంటే పశువుల్ని ఏటిగట్టు మీదకు తోలినట్టే బండినీ ఎక్కించేస్తారు. పల్లంలో ఉండే పట్నంవాళ్ళే మర్చిపోతారు. మామూలు ఇన్సూరెన్స్ వరద నష్టానికి వర్తిస్తుంది గానీ, నీళ్ళలో స్టార్టు చేసి ఇంజన్ పాడైతే ఇవ్వరు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉంటుంది. వేరేచోట్ల దాన్ని వదులుకోవచ్చేమో, డెల్టాలో వదలవద్దు. చక్రాల సగానికి నీళ్ళు వచ్చిన బండి తాళం తిప్పకుండా లాగించుకుని తీసుకెళ్ళండి.

రెండోది కొబ్బరికాయ. నవ్వాల్సిన విషయం కాదు, మా వీధిలో ఏటా ఒక బానెటైనా సొట్టపడుతుంది, ఒకసారి ముందు అద్దమే పోయింది. చెట్టు నీడ చూసి బండి పెడతాం, దింపు ఎప్పుడు తీశారో చూడం. సొట్టకు ఆరు వేలు అయితే ఇన్సూరెన్స్ అడగాలా వద్దా అన్నది కూడా లెక్కే. క్లెయిమ్ లేకుండా గడిపితే బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, మొదటి ఏడు 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదో ఏటికి 50 దాకా పెరుగుతుంది. సొంత నష్టం ప్రీమియం, అంటే మన బండి దెబ్బల కోసం కట్టేది, 14,000, బోనస్ 45 శాతం ఉన్నవాళ్ళకు ఆ తగ్గింపు 6,300. ఒక్క క్లెయిమ్‌తో అదంతా పోయి మళ్ళీ సున్నా నుంచి మొదలు. కాబట్టి పది, పన్నెండు వేల లోపు దెబ్బలకు చేతి డబ్బే పెట్టుకోండి. ఆ బోనస్ మీది, బండిది కాదు. పాత కారు అమ్మి కొత్తది కొన్నప్పుడు కాగితం తీసుకుని కొత్త పాలసీకి మార్చుకోండి. పాలసీ గడువు దాటి తొంభై రోజులైతే బోనస్ పోతుంది.

ఎదుటివాళ్ళకు జరిగే నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం ఏ కంపెనీలోనైనా ఒకటే. వెయ్యి సీసీ లోపు 2,094, పదిహేను వందల సీసీ దాకా 3,416, పైన జీఎస్టీ. కొత్త కారుకు మూడేళ్ళది ఒకేసారి కట్టించుకుంటారు. బేరం ఉండేది సొంత నష్టం భాగంలోనే. షోరూంలో చెప్పిన అంకె పట్టుకుని బయట ఇంకో రెండుచోట్ల అడగండి. భాగాల అరుగుదల కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ కవరు లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం మీరే పెట్టుకోవాలి. ఇప్పటి బంపర్లన్నీ ప్లాస్టిక్కే.

ఇక ఉప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇల్లున్నవాళ్ళకు, భీమవరం చెరువుల రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్ళకు బండి కిందభాగం తుప్పు పట్టడం మామూలే. రొయ్యల బళ్ళ నుంచి కారే నీళ్ళు కూడా ఉప్పే. పదిహేను రోజులకొకసారి మంచినీళ్ళతో కింద కొట్టించండి. కోతల సమయంలో ఎలుకలు చేలు వదిలి ఇళ్ళవైపు వస్తాయి, వైర్లు కొరుకుతాయి. వారం రోజులు కదపని బండికే ఈ బాధ ఎక్కువ. తక్కువ తిరిగేవాళ్ళు రెండురోజులకొకసారి బానెట్ ఎత్తి చూసుకోవాలి.

మేనల్లుడు కాగితాలన్నీ మడిచి సంచీలో పెట్టుకున్నాడు. నెల తిరిగాక నాలుగేళ్ళ పెట్రోల్ బండి ఒకటి చూశానని ఫోను చేశాడు. ఒకే యజమాని, కాకినాడ ఉద్యోగి, సర్వీసు రికార్డు మొత్తం ఉంది. "సీటు బెల్టు లాగి చూశావా?" అన్నాను. "లాగాను మావయ్యా, స్టెపినీ గుంట కూడా చూశాను. 4,20,000 అడుగుతున్నాడు" అన్నాడు. మా మెకానిక్‌ని తీసుకుని ఆదివారం వెళ్ళాం. ముందు టైర్లు రెండూ అరిగిపోయాయని 12,000 తగ్గించాడు. కొత్త కారుకని దాచిన డబ్బులో మిగిలిన దాంట్లోంచి వాడు మొదట చేయించింది, కొబ్బరి చెట్లకు దూరంగా, రోడ్డు కంటే రెండడుగుల ఎత్తులో ఒక రేకుల షెడ్డు.